నకలే యంత్రమైన చోట
డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు స్మారకోపన్యాసం, భిలాయి



సుబ్బారావుగారి పేరిట జరిగే ఈ ఉపన్యాసానికి ఆర్‌ఎన్‌ఏను విషయంగా ఎంచుకున్నానని చెప్పగానే, ఆయనకూ దానికీ ఏం సంబంధం అని అడిగినవాళ్లున్నారు. సంబంధం చాలా దగ్గరిది. ముందు అదే చెప్పి తర్వాత సంగతిలోకి వెళతాను.

1895లో భీమవరంలో పుట్టి, మద్రాసులో వైద్యం చదివి, అమెరికా వెళ్లిన సుబ్బారావుగారు హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్ దగ్గర చేరారు. రక్తంలో, కణజాలంలో ఫాస్ఫరస్ ఎంతుందో నీలిరంగు గాఢతను బట్టి తేల్చే పద్ధతిని వాళ్లిద్దరూ 1925లో ప్రచురించారు. ఫిస్క్-సుబ్బారావు పద్ధతి అని బయోకెమిస్ట్రీ చదివినవాళ్లందరికీ తెలుసు. అదే పద్ధతితో కండరాన్ని శోధిస్తూ 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌నీ, 1929లో ఏటీపీనీ పట్టుకున్నారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా ఏటీపీని కనిపెట్టాడు.

ఏటీపీ అనగానే శక్తి అంటాం. పిల్లలు పరీక్షలో అదే రాస్తారు, మార్కులూ పడతాయి. కానీ ఆ అణువును విడదీసి చూడండి. అడెనిన్ అనే క్షారం, రైబోజ్ అనే చక్కెర, వరసగా మూడు ఫాస్ఫేట్లు. ఆర్‌ఎన్‌ఏ గొలుసు నాలుగు రకాల అక్షరాలతో తయారవుతుంది కదా, అందులో 'ఎ' అక్షరానికి ముడిసరుకు ఇదే. ఆర్‌ఎన్‌ఏ పాలిమరేజ్ ఎంజైమ్ గొలుసుకు ఒక ఎ కలిపేటప్పుడు ఏటీపీ నుంచి రెండు ఫాస్ఫేట్లు ఊడిపోతాయి, మిగిలింది గొలుసులో అతుక్కుంటుంది. అంటే సుబ్బారావుగారి చేతికి 1929లో చిక్కింది ఆర్‌ఎన్‌ఏ నాలుగు అక్షరాల్లో ఒకటి. న్యూక్లిక్ ఆమ్లాలు ఎందుకున్నాయో ప్రపంచంలో ఎవరికీ తెలియని రోజులవి.

ఈ ఊళ్లో ఆర్‌ఎన్‌ఏ గురించి మాట్లాడాలంటే ఉదాహరణ కోసం దూరం పోనక్కర్లేదు. ఛత్తీస్‌గఢ్‌లో 'సిక్లింగ్' అనే మాట, అంటే సికిల్ సెల్ రక్తవ్యాధి పేరు, వినని ఇల్లు తక్కువ. రాయపూర్ జిల్లా గ్రామాల్లో మూడున్నర లక్షలమందికి పైగా పరీక్షించి 2011లో ప్రచురించిన సర్వేలో 100 మందిలో 9 మందికి పైగా ఆ జన్యువు ఒక ప్రతిని మోస్తున్నట్టు తేలింది. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన మనవాళ్లలో కొందరు అది ఇక్కడివాళ్ల జబ్బని అనుకుంటారు. అది నిజం కాదు. పాడేరు, అరకు కొండల్లో ఉంది. 2023 జులై 1న షహడోల్‌లో మొదలైన జాతీయ నిర్మూలన కార్యక్రమం 17 రాష్ట్రాల్ని లెక్కలోకి తీసుకుంటే అందులో ఛత్తీస్‌గఢ్‌తో పాటు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కూడా ఉన్నాయి.

ఆ రోగుల రక్తానికి చేసే పరీక్షల్లో రెటిక్యులోసైట్ కౌంట్ ఒకటి. ఏ పెద్దాసుపత్రి ల్యాబులోనైనా చేస్తారు. రెండు మూడు చుక్కల రక్తంలో అన్నే చుక్కల న్యూ మిథిలీన్ బ్లూ కలిపి, ఒంటి వేడి దగ్గర ఓ పావుగంట ఉంచి, గాజుపలక మీద పలచగా పరిచి, ఆయిల్ ఇమ్మర్షన్ లెన్సు కింద పెడతారు. చాలా కణాలు లేతగా, లోపల ఏమీ లేకుండా కనిపిస్తాయి. అక్కడక్కడ ఒక్కో కణంలో మాత్రం ముదురు నీలం దారాలు, చుక్కలు, చిన్న వల అల్లినట్టు ఉంటాయి. టెక్నీషియన్ లెక్కపెట్టేది ఆ వల ఉన్న కణాల్నే.

ఆ వల ఆర్‌ఎన్‌ఏ. రంగు తగలగానే ముద్దకట్టిన రైబోసోముల ఆర్‌ఎన్‌ఏ. మన శరీరంలోని ఆర్‌ఎన్‌ఏను ఇంత సులువుగా చూపించే పరీక్ష మరొకటి నాకు తెలియదు. విద్యార్థులు ఒక్కసారైనా ఆ లెన్సులో కన్ను పెట్టి చూడాలి.

ఆ కణం కథ ఇది. ఎముక మజ్జలో ఎర్రకణం ముదిరే చివరి దశలో తన కేంద్రకాన్ని బయటికి నెట్టేస్తుంది. కేంద్రకంతో పాటు డీఎన్‌ఏ పోయింది. ఆ స్థితిలో రక్తంలోకి వచ్చి ఒకటి రెండు రోజులు తిరుగుతుంది. ఆ రోజుల్లో కూడా హీమోగ్లోబిన్ తయారవుతూనే ఉంటుంది. జన్యువు లేదు, జన్యువు నుంచి వచ్చిన ఆర్‌ఎన్‌ఏ ఉంది, పని ఆగలేదు. ఆరోగ్యవంతుల రక్తంలో ఇలాంటి లేత కణాలు నూటికి ఒకటో రెండో ఉంటాయి. సిక్లింగ్ ఉన్నవాళ్ల ఎర్రకణం 120 రోజులకు బదులు పది ఇరవై రోజుల్లోనే చితికిపోతుంది కాబట్టి మజ్జ తొందరపడి కొత్తవి పంపుతూ ఉంటుంది. అందుకే వాళ్ల స్లయిడు మీద నీలం వలలు చాలా ఎక్కువ.

ఇప్పుడు నిర్మాణం. డీఎన్‌ఏకూ ఆర్‌ఎన్‌ఏకూ తేడా చక్కెరలో ఉంది. రైబోజ్‌లో రెండో కార్బన్ దగ్గర ఒక హైడ్రాక్సిల్ ఉంటుంది, డీఎన్‌ఏ చక్కెరలో అక్కడ ఆక్సిజన్ లేదు. ఒక్క ఆక్సిజన్ పరమాణువే, అయితే దాని ప్రభావం పెద్దది. ఆ హైడ్రాక్సిల్ పక్కనే ఉన్న ఫాస్ఫేట్ బంధం మీదికి వెళ్లి గొలుసును తెంపేయగలదు. అందుకే ఆర్‌ఎన్‌ఏ ఎక్కువకాలం నిలవదు, ల్యాబులో చేతికి తొడుగు లేకుండా ముట్టుకుంటే చర్మం మీది ఎంజైములే దాన్ని తినేస్తాయి. రెండో తేడా, థైమిన్ స్థానంలో యురాసిల్. మూడోది అన్నిటికన్నా ముఖ్యం: ఆర్‌ఎన్‌ఏ సాధారణంగా ఒంటి పేట. జంట పేట లేదు కాబట్టి తనమీద తానే మడత పడుతుంది. ఎ ఎదురుగా యు, జి ఎదురుగా సి, ఒక్కోసారి జి ఎదురుగా యు కూడా కుదురుకుని, మధ్యలో మిగిలిన భాగం ఉచ్చులా పొడుచుకొస్తుంది. అక్షరాల వరస మారితే మడత మారుతుంది, మడత మారితే పని మారుతుంది. డీఎన్‌ఏ ఎక్కడైనా దాదాపు ఒకే మెలిక. ఆర్‌ఎన్‌ఏకు మాత్రం ప్రోటీన్ల లాగే రకరకాల ఆకారాలున్నాయి.

మన ఉక్కు ప్లాంటు మనుషులకు ఒక పోలిక చెబుతాను. డ్రాయింగ్ ఆఫీసులో అసలు డ్రాయింగు బీరువాలో ఉంటుంది, షాప్‌లోకి వెళ్లేది దాని నకలు. నూనె చేతులతో పట్టుకుని, మడిచి జేబులో పెట్టుకుని, పని కాగానే పారేసినా అసలుకు ఏమీ కాదు. మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏ అలాంటి నకలు. కేంద్రకంలోని జన్యువును చూసి రాసుకుని బయటికొచ్చి, పనయ్యాక నశిస్తుంది. ఈ పోలిక ఒకచోట తెగిపోతుంది. ఎక్కడ తెగుతుందో కాసేపట్లో చెబుతాను. నా ఉపన్యాసం ప్రాణం అక్కడుంది.

ఇలాంటి నకలు ఉండాలన్న ఊహకు రష్యా నుంచి ఒక ఆధారం దొరికింది. సోవియట్ దేశంతో 1955లో కుదిరిన ఒప్పందంతో మన భిలాయి ప్లాంటు మొదలై, 1959 ఫిబ్రవరి 4న మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. సోవియట్ ఇంజనీర్లు ఇక్కడ ఆ కొలిమి కడుతున్న 1958లో, వాళ్ల దేశంలో బెలోజెర్‌స్కీ, స్పిరిన్ అనే ఇద్దరు రకరకాల బాక్టీరియాల డీఎన్‌ఏనూ ఆర్‌ఎన్‌ఏనూ పోల్చి చూశారు. డీఎన్‌ఏ అక్షరాల నిష్పత్తి జాతి జాతికీ బాగా మారుతోంది, ఆర్‌ఎన్‌ఏది దాదాపు మారడం లేదు. డీఎన్‌ఏను అనుసరించి మారుతున్నది ఆర్‌ఎన్‌ఏలో ఒక చిన్న భాగమే. ఆ చిన్న భాగం మెసెంజర్ అని 1961లో బ్రెన్నర్, జాకబ్, మెసెల్సన్ ప్రయోగంతో రూఢి అయింది. అదే 1961 ఆగస్టులో మాస్కో బయోకెమిస్ట్రీ మహాసభలో మార్షల్ నైరెన్‌బర్గ్ ఒక చిన్న గదిలో, కొద్దిమంది ముందు తన ఫలితం చదివాడు. యు అక్షరం ఒక్కటే ఉన్న ఆర్‌ఎన్‌ఏ ఇస్తే ఫినైల్‌అలనిన్ ఒక్కటే ఉన్న గొలుసు వచ్చింది. విన్నవాళ్ల ద్వారా ఫ్రాన్సిస్ క్రిక్‌కు తెలిసి, పెద్ద సభలో మళ్లీ చెప్పించాడు.

మూడేసి అక్షరాల కోడాన్ ఒక్కోటి ఏ అమైనో ఆమ్లాన్ని సూచిస్తుందో చెప్పే ఈ నిఘంటువును పూర్తిచేసినవాళ్లలో మన హరగోవింద్ ఖొరానా ముఖ్యులు. ఆయన పుట్టింది రాయపూర్‌లో అని చదివి మన పక్క రాయపూర్ అనుకునేవాళ్లు ఈ ప్రాంతంలో కనిపిస్తారు. ఆ రాయపూర్ పంజాబులో, ముల్తాన్ వైపు పల్లెటూరు. ఆయన చేసిన పని మాత్రం ఈ రాయపూర్‌కు చాలా అవసరమైనది. రెండేసి అక్షరాలు మళ్లీ మళ్లీ వచ్చే ఆర్‌ఎన్‌ఏలు తయారుచేశారు. ఎజిఎజిఎజి అని సాగే గొలుసు ఆర్జినిన్, గ్లుటామిక్ ఆమ్లం ఒకటి విడిచి ఒకటి ఇచ్చింది. యుజియుజియుజి అని సాగేది సిస్టీన్, వాలిన్ ఇచ్చింది. జిఎజి అంటే గ్లుటామిక్ ఆమ్లం, జియుజి అంటే వాలిన్. ఛత్తీస్‌గఢ్ పల్లెల్లో పిల్లల కాళ్లూ చేతులూ నొప్పితో మెలితిప్పే జబ్బుకు కారణం ఈ రెండు కోడాన్ల మధ్య తేడాయే.

బీటా గ్లోబిన్ మెసెంజర్ మొదలు చదవండి. ఎయుజి, జియుజి, సిఎయు, సియుజి, ఎసియు, సిసియు, జిఎజి. మొదటి ఎయుజి ఆరంభసూచన, దాని అమైనో ఆమ్లాన్ని కణం తర్వాత తొలగిస్తుంది. అది పోగా ఆరోది జిఎజి. సిక్లింగ్‌లో ఆ ఆరోది జియుజి అవుతుంది. చూశారా, జియుజి అనే కోడాన్ ఈ సందేశంలో మొదటి స్థానంలో న్యాయంగానే ఉంది. అదే కోడాన్ ఆరో స్థానంలోకి వస్తే జబ్బు. నీటిని ఇష్టపడే గ్లుటామిక్ ఆమ్లం ఉండాల్సిన చోట నీటిని ఇష్టపడని వాలిన్ కూర్చుని, ఆక్సిజన్ వదిలిన హీమోగ్లోబిన్ పక్కదానికి అతుక్కుని పొడవాటి పోగులు కడుతుంది, కణం కొడవలిలా వంగుతుంది. 1949లో లైనస్ పాలింగ్ దీన్ని అణువు జబ్బు అన్నాడు. అది ఏ అమైనో ఆమ్లమో 1950ల చివర వెర్నన్ ఇంగ్రామ్ తేల్చాడు.

సందేశాన్ని చదివేది ట్రాన్స్‌ఫర్ ఆర్‌ఎన్‌ఏ. సుమారు 76 అక్షరాలు, కాగితం మీద గీస్తే మూడాకుల ఆకారం, నిజానికి 'ఎల్' ఆకారంలో ముడుచుకుని ఉంటుంది. ఒక కొసన మూడక్షరాలు కోడాన్‌కు ఎదురు నిలుస్తాయి, రెండో కొసన సిసిఎ అనే తోక మీద అమైనో ఆమ్లం కూర్చుంటుంది. 1965లో రాబర్ట్ హాలీ అలనిన్‌ను మోసే ఆర్‌ఎన్‌ఏ అక్షరాల వరసంతా మొదటిసారి బయటపెట్టాడు. వాలిన్‌ను మోసేదాన్ని 1967లో చదివినవాడు మాస్కోలో అలెగ్జాండర్ బాయెవ్. ఆయన 1937లో అరెస్టయి, సోలోవ్కీ, నొరిల్స్క్ శిబిరాల్లో, ప్రవాసంలో యౌవనం పోగొట్టుకుని, 1954 తర్వాతే మాస్కోలో పరిశోధనకు తిరిగి రాగలిగిన మనిషి. ఆ వయసులో మొదలుపెట్టి ఆ పని సాధించాడంటే నాకు తలవంచి నమస్కరించాలనిపిస్తుంది. మన కణాల్లో జియుజిని చదివే వాలిన్ వాహకం మొదటి జియుజినీ ఆరో జియుజినీ ఒకే నిజాయితీతో చదువుతుంది. సిక్లింగ్‌లో తప్పు రాతది, చదువరిది కాదు.

ఈ చదువంతా జరిగే చోటు రైబోసోమ్. 1961లో హోవార్డ్ డింట్జిస్ కుందేలు రెటిక్యులోసైట్లు తీసుకుని, గ్లోబిన్ గొలుసు ఒక కొస నుంచి రెండో కొసకు వరసగా పెరుగుతుందని చూపించాడు. ఒకటి రెండు నిమిషాల్లో 146 అమైనో ఆమ్లాల గొలుసు పూర్తవుతుంది. అయితే అమైనో ఆమ్లాన్ని అమైనో ఆమ్లానికి అతికే ఎంజైమ్ ఏది? రైబోసోములో ప్రోటీన్లున్నాయి, ఆర్‌ఎన్‌ఏ ఉంది. పని చేసేది ప్రోటీనే అయి ఉంటుంది, ఆర్‌ఎన్‌ఏ కేవలం ఆధారం అని చాలాకాలం నమ్మారు. ఎంజైములన్నీ ప్రోటీన్లే అన్నది అప్పటి సూత్రం. 1982లో థామస్ చెక్ ఒక ఏకకణజీవి ఆర్‌ఎన్‌ఏ తనను తానే కత్తిరించుకుని అతుక్కోవడం చూశాడు, మరుసటి ఏడు సిడ్నీ ఆల్ట్‌మన్ మరో ఆర్‌ఎన్‌ఏ ఎంజైమును చూపాడు. ఇద్దరికీ 1989లో నోబెల్ వచ్చింది. చివరికి 2000లో రైబోసోము నిర్మాణం పరమాణువుల స్థాయిలో బయటపడింది. అమైనో ఆమ్లాలు కలిసే ఆ చోటికి దగ్గరలో ప్రోటీన్ అన్నది లేదు. చుట్టూ ఉన్నదంతా ఆర్‌ఎన్‌ఏ. ఈ పనికి చిదంబరంలో పుట్టిన వెంకీ రామకృష్ణన్, థామస్ స్టైట్జ్, అదా యోనథ్ 2009లో నోబెల్ పంచుకున్నారు.

నా పోలిక తెగేది ఇక్కడే. షాప్‌లో నకలు కాగితం, లేతు మిషను ఇనుము. కణంలో నకలూ ఆర్‌ఎన్‌ఏ, చదివేదీ ఆర్‌ఎన్‌ఏ, యంత్రం కూడా ఆర్‌ఎన్‌ఏ. కణంలోని మొత్తం ఆర్‌ఎన్‌ఏలో నూటికి ఎనభై పాళ్లు రైబోసోములదే, మెసెంజర్ వాటా నాలుగైదు శాతమే. డీఎన్‌ఏకూ ప్రోటీన్‌కూ మధ్య వార్తాహరుడిగా మాత్రమే మన పాఠ్యపుస్తకాలు ఆర్‌ఎన్‌ఏను పరిచయం చేయడం అన్యాయమని నేను గట్టిగా అంటాను. ప్రోటీన్లు లేని కాలంలో ఆర్‌ఎన్‌ఏ ఒక్కటే రాతనూ పనినీ మోసి ఉంటుందని వూస్, క్రిక్, ఆర్గెల్ 1960లలోనే ఊహించారు. ఆ ఊహకు ఇప్పటికీ కనిపించే గుర్తుల్లో ఒకటి ఏటీపీయే. ఎన్‌ఏడీ, కోఎంజైమ్-ఎ కూడా అడెనిన్-రైబోజ్ ముక్కను మోస్తూనే ఉన్నాయి. శక్తికి వాడే అణువు ఆర్‌ఎన్‌ఏ అక్షరమే కావడం యాదృచ్ఛికం కాకపోవచ్చు.

జన్యువు నుంచి వచ్చిన తొలి నకలును కణం అలాగే వాడదు. బీటా గ్లోబిన్ జన్యువులో సందేశం మూడు ముక్కలుగా ఉంది, మధ్యలో రెండు అనవసర భాగాలు. జన్యువుల్లో ఇలాంటి భాగాలుంటాయని 1977లో తెలిసింది. వాటిని తీసేసి ముక్కల్ని అతకాలి. ఎక్కడ కత్తిరించాలో గుర్తుపట్టేది యు1 అనే చిన్న ఆర్‌ఎన్‌ఏ, సరిహద్దు అక్షరాలతో జతకట్టి. మొదటి అనవసర భాగంలో ఐదో అక్షరం జి బదులు సి అయితే ఆ జత సరిగా కుదరదు, కత్తిరింపు దారితప్పుతుంది, పనికొచ్చే సందేశం బాగా తగ్గిపోతుంది. మన దేశంలో బీటా తలసీమియాకు అన్నిటికన్నా ఎక్కువగా కనిపించే కారణం ఈ ఒక్క మార్పే. సిక్లింగ్‌లో రాత తప్పితే ఇందులో కూర్పు తప్పింది. ఈ రెండు తప్పుల్లో తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వచ్చిన పిల్లలూ ఉన్నారు.

ఇక మందులు. సిక్లింగ్ రోగికి ఇచ్చేవాటిలో రెండు ముఖ్యం. మొదటిది ఫోలిక్ ఆసిడ్. ఎ, జి అక్షరాల వలయాల్లో రెండు కార్బన్లు ఫోలేట్ తెచ్చిచ్చేవే. రోజూ ఇన్ని కొత్త కణాలు పుట్టాలంటే ఫోలేట్ ఎక్కువ కావాలి. 1945లో లెడర్లీ ప్రయోగశాలలో ఫోలిక్ ఆసిడ్‌ను కృత్రిమంగా తయారుచేసిన బృందానికి పెద్ద సుబ్బారావుగారే. స్ప్రూ వ్యాధితో ఇద్దరు సోదరుల్ని కొద్ది రోజుల తేడాలో పోగొట్టుకున్న మనిషి, ఆ వ్యాధికి పనికొచ్చే మందునే సాధించి, 1948లో స్వదేశం మళ్లీ చూడకుండా పోయారు. ఈ జిల్లాలో పసుపుపచ్చని ఆ చిన్న మాత్ర వేసుకునే పిల్లలకు ఆ పేరు చెప్పే బాధ్యత తెలుగువాళ్లది.

రెండోది హైడ్రాక్సీయూరియా. ఆర్‌ఎన్‌ఏ అక్షరం నుంచి ఆ ఒక్క ఆక్సిజన్ తీసేసి డీఎన్‌ఏ అక్షరంగా మార్చే ఎంజైమును అది అడ్డుకుంటుంది. దాని ఫలితంగా, పుట్టకముందు మనలో ఉండే గర్భస్థ హీమోగ్లోబిన్ మళ్లీ కొంత పెరుగుతుంది. దానికి కొడవలి వంపు రాదు. భారతీయ రోగుల్లో ఎక్కువమందికి అది సహజంగానే కాస్త ఎక్కువ. ఈ హీమోగ్లోబిన్ మార్పిడిని అదుపుచేసేవాటిలో లెట్-7 అనే అతిచిన్న ఆర్‌ఎన్‌ఏ కూడా ఉంది. ఈ కోవకు చెందిన మైక్రో ఆర్‌ఎన్‌ఏలను పురుగుల్లో కనిపెట్టిన ఆంబ్రోస్, రువ్‌కన్‌లకు 2024లో నోబెల్ ఇచ్చారు.

2023 చివర్లో బ్రిటన్, అమెరికా అనుమతించిన క్యాస్‌జెవీ అనే సిక్లింగ్ జన్యు చికిత్సకు కూడా దారి చూపేది ఆర్‌ఎన్‌ఏయే. 20 అక్షరాల ఒక గైడ్ వరస, గర్భస్థ హీమోగ్లోబిన్‌ను అణిచే బీసీఎల్11ఎ జన్యువులో సరైన చోటికి కాస్9 అనే కోత ఎంజైమును తీసుకెళ్లి నిలబెడుతుంది. కోత పడగానే అణచివేత సడలుతుంది. అయితే రోగి మజ్జ కణాల్ని బయటికి తీయాలి, పాత మజ్జను బలమైన మందుతో నిర్మూలించాలి, వారాల తరబడి ఆసుపత్రిలో ఉండాలి. అనుమతి వచ్చినప్పుడు అమెరికాలో ధర 22 లక్షల డాలర్లు. ఢిల్లీలోని ఐజీఐబీ అనే పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు వేరే బాక్టీరియా కాస్9తో సిక్లింగ్ మీద ఏళ్లుగా పనిచేస్తున్నారు, కోవిడ్ కాలంలో ఫెలూదా పరీక్ష ఆ పనిలోంచే వచ్చింది.

అసలు కావలసింది, కోవిడ్ టీకాలో చేసినట్టు ఆర్‌ఎన్‌ఏను కొవ్వు కణికల్లో చుట్టి సూదితో ఎక్కించడం. 2025లో అమెరికాలో ఒక పసివాడి కాలేయంలో జన్యు దోషాన్ని ఇలాగే సరిచేశారు. కొవ్వు కణికలు సహజంగా కాలేయానికే చేరతాయి కాబట్టి అది కుదిరింది. మజ్జకు చేర్చడం కష్టం. ఎలుకల్లో చేసి చూపినవాళ్లున్నారు. మనుషుల్లో కుదిరిన రోజున ఇది దుర్గ్ జిల్లా ఆసుపత్రిలో కూడా ఇవ్వదగ్గ వైద్యం అవుతుంది.

ఈలోగా చేయగలిగింది పరీక్ష. తల్లిదండ్రులిద్దరూ ఒక్కో ప్రతి మోస్తున్నవాళ్లయితే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. మోసేవాళ్లకు సాధారణంగా ఏ బాధా ఉండదు, అందుకే చాలామందికి ఆ సంగతి తెలియదు. పెళ్లి చూపులకు ముందు అబ్బాయికీ అమ్మాయికీ హీమోగ్లోబిన్ ఎలెక్ట్రోఫోరెసిస్ గానీ హెచ్‌పీఎల్‌సీ గానీ చేయించండి. జీవితంలో ఒక్కసారి చేయిస్తే సరిపోతుంది.